ఆరు బెడ్లు, ఒక నర్సు: ముందు ఎవరిని చూడాలి, ఏ పని అప్పగించాలి, డాక్టరుకి ఎలా చెప్పాలి

ఉదయం డ్యూటీకి వచ్చారు. మీ వంతుకు ఆరు బెడ్లు పడ్డాయి. ఒకటో బెడ్‌లో నిన్న కాలు విరిగి పిండికట్టు వేసినాయన. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి గంట కూడా కాలేదు, మళ్లీ కావాలంటున్నాడు. రెండో బెడ్‌లో షుగర్ ఉన్నావిడ. స్కాన్‌కి వెళ్లాలి, ఇన్సులిన్ పడింది, కానీ ఏమీ తినలేదు. మూడో బెడ్‌లో న్యుమోనియాతో ఉన్న పెద్దాయన రాత్రంతా నిద్రపోలేదట, ఆక్సిజన్ గొట్టం పీకేసుకుంటున్నాడు. నాలుగో బెడ్ ఈ రోజు డిశ్చార్జ్, ఇంటివాళ్లు ఇప్పటికే మూడుసార్లు వచ్చి అడిగారు. ఐదో బెడ్‌లో పక్షవాతం వచ్చిన పెద్దావిడకి ఒళ్లు తుడవాలి, పక్కకి తిప్పాలి, తినిపించాలి. ఆరో బెడ్‌కి రక్తం ఎక్కించాలి. మీకు తోడుగా ఒక జూనియర్ సిస్టర్, ఒక నర్సింగ్ అసిస్టెంట్ ఉన్నారు.

అందరికంటే గట్టిగా పిలుస్తున్నది నాలుగో బెడ్ వాళ్లు. కానీ ప్రమాదం మూడో బెడ్‌లో ఉంది. కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు మనలో చాలామంది పిలుపు వినిపించిన వైపే పరిగెడతాం. ఎవరినీ పిలవలేనంత నీరసంగా ఉన్న రోగి మాత్రం చివరికి మిగిలిపోతాడు.

రోగుల్లో ఎవరు ముందో తేల్చుకోవడం, పని అప్పగించడం, టీమ్‌తో మాట్లాడడం అని తరగతిలో మూడు పాఠాలుగా చెబుతారు. వార్డులో మాత్రం ఈ మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: వచ్చే గంటలో ఎవరి పరిస్థితి మారిపోవచ్చు? ఆ రోగిని మీ చేతిలో ఉంచుకోవాలి, మిగతా పనులు పంచాలి, ఆ మార్పును సరైన మనిషికి సరైన మాటల్లో చేరవేయాలి. పై ఆరు బెడ్లనే పట్టుకుని ఒక షిఫ్ట్ మొత్తం నడిచి చూద్దాం.

మొదటి అడుగు: హ్యాండోవర్ బెడ్ పక్కన తీసుకోండి

షిఫ్ట్ మారేటప్పుడు రోగుల వివరాలు, బాధ్యత అప్పజెప్పడమే హ్యాండోవర్. టేబుల్ దగ్గర కూర్చుని ఫైలు చదివి వినిపించే హ్యాండోవర్ సగం హ్యాండోవరే. వెళ్లిపోయే సిస్టర్‌తో కలిసి ప్రతి బెడ్ దగ్గరా నిలబడండి. సెలైన్ ఎంత మిగిలింది, సూది ఉన్న చోట వాపు ఉందా, యూరిన్ బ్యాగ్‌లో ఎంత ఉంది, ఆక్సిజన్ ఎన్ని లీటర్ల మీద నడుస్తోంది అన్నవి ఇద్దరి కళ్లతో చూడాలి. కాగితం మీద 2 లీటర్లు అని ఉండి, మీటరు 4 మీద ఉంటే, రాత్రి ఎవరో పెంచారన్నమాట. ఎందుకు పెంచారో తెలిసిన మనిషి ఇంకో ఐదు నిమిషాల్లో ఇంటికి వెళ్లిపోతుంది. అడగాల్సింది అప్పుడే.

వ్యాధి పేరు, మందుల పట్టీ ఫైల్లో ఎలాగూ దొరుకుతాయి. మీరు అడిగి తెలుసుకోవాల్సింది ఫైల్లో లేనిది. "రాత్రి మీకు ఎవరి గురించి టెన్షన్‌గా అనిపించింది?" అని ఒక్క మాట అడగండి. చాలాసార్లు షిఫ్ట్ మొత్తానికి పనికొచ్చే సమాధానం అక్కడే దొరుకుతుంది. మూడో బెడ్ గురించి రాత్రి సిస్టర్ "ఎందుకో కుదురుగా లేడు" అంటే ఆ మాట అలాగే రాసుకోండి.

రెండో అడుగు: పది నిమిషాల్లో ఆరుగురినీ మీరే చూడండి

ఏ పనీ మొదలుపెట్టకముందు, మందుల ట్రాలీ ముట్టుకోకముందు ఈ చుట్టు ఒకటి వేయాలి. ఒక్కో మనిషి దగ్గర నిమిషం, నిమిషంన్నర చాలు. పేరుతో పలకరించండి. పూర్తి వాక్యం ఊపిరి తెగకుండా చెప్పగలిగారంటే గొంతు, శ్వాస, మెదడు మూడూ ఆ క్షణానికి పనిచేస్తున్నట్టే. చేయి పట్టుకుంటే చల్లగా ఉందా, చెమట పట్టిందా తెలుస్తుంది. పెదవుల రంగు, మెడ కండరాలతో లాగి ఊపిరి తీసుకోవడం, పడుకోలేక ముందుకు వంగి కూర్చోవడం లాంటివి ఏ మెషీనూ చూపించదు.

శ్వాస వేగం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అందరం తప్పించుకునే లెక్క అదే. బీపీకి మెషీన్ ఉంది, శాచురేషన్‌కి, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతానికి, వేలికి పెట్టే క్లిప్ ఉంది. శ్వాసను మాత్రం మనిషే గడియారం పట్టుకుని లెక్కపెట్టాలి. అందుకే చార్టుల్లో అందరికీ 18, 20 అని కనిపిస్తుంది. మనిషి క్షీణిస్తున్నప్పుడు మిగతా వాటికంటే ముందు మారే అంకెల్లో ఇదొకటి. నిండు నిమిషం లెక్కపెట్టండి, లెక్కపెడుతున్నట్టు రోగికి చెప్పకండి. చెబితే ఆయన ఊపిరి తీరే మారిపోతుంది.

అంకెలను విడివిడిగా కాకుండా కలిపి చూడడానికి బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో 'న్యూస్' అనే స్కోరు తెచ్చింది, 2017లో దాన్ని సవరించి 'న్యూస్ 2' చేసింది. శ్వాస వేగం, శాచురేషన్, ఆక్సిజన్ పెట్టామా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, జ్వరం అనే ఏడింటికీ పాయింట్లు ఉంటాయి. మొత్తం 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినా, ఏదైనా ఒక్కదానికే 3 వచ్చినా వెంటనే వైద్యుడు చూడాలి. 7 అంతకంటే ఎక్కువైతే అది ఎమర్జెన్సీ.

మన మూడో బెడ్ ఆయన్ని దీంతో చూద్దాం. ఉదయం ఆరింటికి రాసినవి: శ్వాస 20, 2 లీటర్ల ఆక్సిజన్ మీద శాచురేషన్ 94, బీపీ 118, పల్స్ 96, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్. స్కోరు 4. ఎనిమిదింటికి మీరు చూస్తే శ్వాస 26, శాచురేషన్ 91, బీపీ 112, పల్స్ 114, జ్వరం 38.3. స్కోరు 11. బీపీ దాదాపు అలాగే ఉంది, మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు. బీపీ ఒక్కటే చూసి వెళ్లిపోయేవాళ్లకి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. ఆయన గొట్టం పీకేసుకోవడం మొండితనం కాదు. మెదడుకి ఆక్సిజన్ తగ్గినప్పుడు మనిషి ముందుగా చూపించేది ఈ అస్థిమితమే. నిద్ర మాత్ర అడిగి ఇప్పించే ముందు శాచురేషన్ చూడడం అందుకే.

మూడో అడుగు: వరుస తేల్చుకోండి

గాలి దారి, శ్వాస, రక్తప్రసరణ అనే వరుస అందరికీ వచ్చు. అది మంచి ఆధారమే కానీ ఒక్కదానితో పని జరగదు. శ్వాస సమస్య అన్నదల్లా ముందుకు రాదు, కాలి నొప్పి అన్నదల్లా వెనక్కి పోదు. ఏళ్ల తరబడి సీఓపీడీతో (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) ఉన్న మనిషికి డాక్టరు 88 నుంచి 92 మధ్య శాచురేషన్ చాలు అని రాసి ఉంటే, 90 అతనికి మామూలే. అందుకే వరుస పెట్టేటప్పుడు ఇంకో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది పాతదా, కొత్తగా వచ్చిందా? ఈ జబ్బులో, ఈ ఆపరేషన్ తర్వాత ఇది ఉండేదేనా, ఉండకూడనిదా? నేను అరగంట ఆలస్యం చేస్తే ఏది తిరిగి రాకుండా పోతుంది?

ఒకటో బెడ్‌కి ఈ ప్రశ్నలు పెట్టి చూడండి. విరిగిన కాలు నొప్పి పుట్టడం మామూలే. కానీ ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గని నొప్పి, కట్టు లోపల ఏదో బిగుసుకుపోతున్నట్టు ఉండే నొప్పి, కాలి వేళ్లను మీరు మెల్లగా పైకి వంచితే అరిచేంత నొప్పి మామూలు కాదు. కట్టు లోపల వాపు పెరిగి కండరాలకి రక్తం అందని స్థితి అది కావచ్చు. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. గంటల్లోనే కండరం, నరం చచ్చిపోతాయి. పాదం దగ్గర నాడి అందుతోంది కదా అని ధైర్యం తెచ్చుకోకూడదు, నాడి చివరిదాకా అందుతూనే ఉండవచ్చు. కాలు గుండె ఎత్తులోనే ఉంచాలి, దిండ్ల మీద ఇంకా పైకి లేపకూడదు, వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఈయనకి ఇంకో డోసు నొప్పి మందు ఇచ్చి ముందుకు వెళ్లిపోతే కాలు పోవచ్చు.

రెండో బెడ్ ఆవిడ మాట్లాడుతోంది, నవ్వుతోంది. కానీ పని మొదలైన ఇన్సులిన్, ఖాళీ కడుపు కలిశాయి. షుగర్ చూడడానికి నిమిషం పడుతుంది, చూడకపోతే స్పృహ పోవచ్చు. అందుకని మూడో బెడ్ దగ్గరికి నడుస్తూనే అసిస్టెంట్‌ని అటు పంపాలి. ఎలా చెప్పి పంపాలో తర్వాతి అడుగులో చూద్దాం.

ఆరో బెడ్ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆర్డరు కనిపించగానే బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం తెప్పించేస్తారు. ఫ్రిజ్ నుంచి బయటికి వచ్చిన బ్యాగ్‌ని 30 నిమిషాల్లోపు మొదలుపెట్టాలి, 4 గంటల్లోపు పూర్తి చేయాలి. మొదలుపెట్టాక మొదటి 15 నిమిషాలు మీరు ఆ మనిషి పక్కనే ఉండాలి, తీవ్రమైన రియాక్షన్లు తరచుగా అప్పుడే బయటపడతాయి. మూడో బెడ్ ఇలా ఉండగా ఆ 15 నిమిషాలు మీ దగ్గర లేవు. రోగికి రక్తస్రావం జరుగుతూ ఉంటే లెక్క వేరు. ఇక్కడ నిలకడగా ఉన్న మనిషికి తగ్గిన హిమోగ్లోబిన్ కోసం ఎక్కిస్తున్నాం. కాబట్టి ముందు మిగతా ఇద్దరినీ సర్ది, తర్వాతే బ్యాగ్ తెప్పించండి.

వరుస ఇలా తేలింది: మూడు, దారిలో రెండుకి మనిషిని పంపడం, ఒకటి, ఆ తర్వాత ఆరు. ఐదో బెడ్ పనులు వీటితో పాటు ఇంకొకరి చేతుల్లో నడవాలి. నాలుగో బెడ్ దగ్గర ఆగి "పదకొండింటికి నేనే వచ్చి కూర్చుని మందులన్నీ వివరిస్తాను, అప్పటిదాకా కొంచెం ఓపిక పట్టండమ్మా" అని చెబితే సగం గొడవ తగ్గుతుంది. టైము చెప్పి ఆ టైముకి వెళ్లాలి, అంతే.

నాలుగో అడుగు: పని అప్పగించడం

అప్పగించడం అంటే పని ఇంకొకరి చేతికి వెళ్తుంది, ఆ పని వల్ల రోగికి ఏమైందో చూసుకునే బాధ్యత మీ దగ్గరే ఉంటుంది. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి, అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని ఐదు 'సరైనవి'గా చెబుతాయి: సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. మొదటి మూడూ ఎవరికైనా పాఠంలా అప్పజెప్పడం వచ్చు. వార్డులో దెబ్బతినేది ఎక్కువగా చివరి రెండింటి దగ్గరే.

ముందు, ఏది అప్పగించకూడదో చూద్దాం. రోగిని మొదటిసారి అంచనా వేయడం, ఏం చేయాలో ప్లాన్ వేయడం, రోగికి కొత్త విషయం నేర్పడం, చేసిన చికిత్స పనిచేసిందా అని తేల్చడం రిజిస్టర్డ్ నర్సు పనులు. ఒళ్లు తుడవడం, నడిపించడం, పక్క మార్చడం, నిలకడగా ఉన్నవాళ్ల బీపీ, జ్వరం, బరువు చూడడం, తాగిన నీళ్లు, పోసిన మూత్రం లెక్క రాయడం శిక్షణ ఉన్న అసిస్టెంట్ చేయగలరు. మందులు, డ్రెస్సింగులు ఎవరెవరు చేయవచ్చన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీరు పనిచేసే చోటి రూలు, ఆ మనిషి ఉద్యోగ పత్రంలో ఉన్న పని రెండూ చూసుకోవాలి. "అందరూ చేయిస్తున్నారు" అన్నది రూలు కాదు.

అనుమానం వచ్చినప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ పని మధ్యలో అనుకోనిది జరిగితే ఆ మనిషి సొంతంగా నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందా? వస్తుందంటే ఆ పని ఇవ్వకూడదు. ఐదో బెడ్‌నే చూడండి. తినిపించడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ పక్షవాతం వచ్చిన మనిషికి మింగడం సరిగ్గా ఉందో లేదో ఇంకా తేలలేదనుకోండి, ఒక ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. మింగే పరీక్ష అయ్యేదాకా నోటితో ఏమీ ఇవ్వకూడదు. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం అసిస్టెంట్‌కి ఇవ్వవచ్చు. తినిపించడం ఇప్పుడు ఇవ్వకూడదు. అదే పని చేయి విరిగిన ఒక కుర్రాడికైతే నిశ్చింతగా ఇవ్వవచ్చు. పని పేరు చూసి కాదు, ఎవరికి చేస్తున్నామో చూసి నిర్ణయించాలి.

ఇప్పుడు సూచన. నేను కొత్తగా వార్డు చూసుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆపరేషన్ అయి వచ్చిన రోగి దగ్గర "బీపీ చూస్తూ ఉండమ్మా" అని అసిస్టెంట్‌తో చెప్పి ఇంకో బెడ్‌కి వెళ్లాను. ఆమె చూసింది. 88/50 అని చార్టులో చక్కగా రాసింది. ఆ అంకె ప్రమాదమని ఆమెకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నలభై నిమిషాల తర్వాత చార్టు తిరగేస్తే కనిపించింది. లోపల రక్తస్రావం అవుతోంది. రోగి బతికాడు. కానీ ఆ నలభై నిమిషాలు నావి. ఆమె తప్పు అందులో ఏమీ లేదు, చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఆ రోజు నుంచి అంకె చెప్పకుండా ఏ పనీ అప్పగించలేదు.

సూచనలో ఏం ఉండాలో రెండో బెడ్‌తో చెబుతాను. "రెండో బెడ్ ఆవిడకి ఇన్సులిన్ పడింది, ఇంకా తినలేదు. ఇప్పుడే వెళ్లి షుగర్ చూడు. 70 కంటే తక్కువ ఉన్నా, చెమటలు, వణుకు ఉన్నా, మాట తేడాగా ఉన్నా ఆమెను వదిలి రావద్దు, అక్కడి నుంచే బెల్ కొట్టు. బాగుంటే మూడో బెడ్ దగ్గరికి వచ్చి అంకె నాకు చెప్పు. నేను అక్కడే ఉంటాను." ఎవరికి, ఏం పని, ఎందుకు, ఎప్పటిలోగా, ఏ అంకె దగ్గర నన్ను పిలవాలి, నేను ఎక్కడుంటాను అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. పదిహేను సెకన్లు పట్టింది. చివర్లో "ఎంతకి తక్కువైతే పిలుస్తావు?" అని అడగండి. ఆమె "70" అంటే మాట చేరినట్టు. "సరే సిస్టర్" అంటే చేరిందో లేదో మీకు తెలియదు.

62 వచ్చిందనుకోండి. ఆవిడ స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్కాన్ కోసం కడుపు ఖాళీగా ఉంచారంటే నోటితో ఇవ్వాలా, నరం ద్వారా డెక్స్‌ట్రోజ్ ఇవ్వాలా అన్నది డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. స్కాన్ ఉంది కదా అని షుగర్‌ని మాత్రం వదిలేయకూడదు. స్కాన్ రూముకి ఫోన్ చేసి ఆలస్యం అవుతుందని చెప్పాలి. స్కాన్ కోసం ఆకలితో ఉన్న మనిషికి ఇన్సులిన్ ఎలా పడిందన్నది ఇంకో ప్రశ్న. దాన్ని ఇన్సిడెంట్ రిపోర్టులో రాయండి. ఎవరినో పట్టివ్వడానికి కాదు, రేపు ఇంకొకరికి అలా జరగకుండా ఉండడానికి.

తర్వాత పర్యవేక్షణ. అప్పగించిన పని దగ్గరికి మీరు తిరిగి వెళ్లి చూడాలి. నిలబడి కాపలా కాయమని కాదు. తిరిగి వెళ్లే టైము ముందే చెప్పి వెళ్తే ఎదుటివాళ్లకి అనుమానించినట్టు అనిపించదు. మొదటిసారి ఆ పని చేస్తున్నవాళ్లైతే పక్కన నిలబడి ఒకసారి చేయించండి. "ఇది ఇంతకుముందు చేశావా?" అని సూటిగా అడగండి. రాదని చెప్పడానికి భయపడని వాతావరణం ఉంటేనే నిజం చెబుతారు. ఎవరైనా "సిస్టర్, ఇది నాకు రాదు" అంటే కసురుకోకండి, ఆ మాట రోగిని కాపాడుతోంది. మీకు తెలియని పని మీ మీదికి వచ్చినప్పుడు మీరూ అదే మాట అనగలగాలి.

ఇంకో సంగతి. మనకి ఇష్టంలేని పనులన్నీ అసిస్టెంట్‌కి తోసి, దాన్ని డెలిగేషన్ అనడం నాకు బాధ కలిగిస్తుంది. ఒళ్లు తుడిచేటప్పుడే నడుం కింద ఎర్రబడ్డ చర్మం కనిపిస్తుంది, అదే రేపటి పుండు. కనీసం రోజుకొకసారి ఆ పనిలో చేయి కలపండి. రోగితో ఎక్కువసేపు గడిపేది అసిస్టెంట్లే కాబట్టి మొదటి మార్పు వాళ్ల కంటికే పడుతుంది. "పెద్దావిడ నోరు ఒకవైపు ఇంకా జారినట్టు ఉంది సిస్టర్" అని వాళ్లు చెబితే చేతిలో పని ఆపి వెళ్లండి. వెళ్తూనే "చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశావు?" అని అడగండి. పక్షవాతంలో గడ్డ కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు, ఆ లెక్క మొదలయ్యేది చివరిసారి బాగున్నట్టు చూసిన టైము నుంచి. ఆ టైము ఒక్క ఆమెకే తెలిసి ఉండవచ్చు.

ఐదో అడుగు: డాక్టరుకి ఫోన్ చేయడం

మూడో బెడ్ ఆయన్ని తల ఎత్తి కూర్చోబెట్టారు, ఆక్సిజన్ గొట్టం సరిచేసి, ఆర్డరులో ఉన్నంతవరకు పెంచారు. ఇప్పుడు ఫోన్. చేసే ముందు ఫైలు, చార్టు, మందుల పట్టీ, అలర్జీల వివరం చేతిలో ఉండాలి. అడిగిన ప్రతిదానికీ "ఒక్క నిమిషం సార్, చూసి చెబుతాను" అంటూ ఉంటే అవతలి మనిషికి నమ్మకం సడలుతుంది.

ఎస్‌బార్ అనే పద్ధతి అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో పుట్టింది. కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ దాన్ని ఆస్పత్రి పనికి తగ్గట్టు మలిచింది. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథ ఏమిటి, నేను ఏమనుకుంటున్నాను, మీరు ఏం చేయాలి అని నాలుగు ముక్కలు. మాటల్లో పెడితే ఇలా ఉంటుంది:

"డాక్టర్ గారూ, మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. మూడో బెడ్ పెద్దాయన ఊపిరి గురించి ఫోన్ చేస్తున్నాను, న్యూస్ స్కోరు 4 నుంచి 11కి పెరిగింది. రెండు రోజుల కిందట న్యుమోనియాతో చేరారు, యాంటీబయాటిక్ నడుస్తోంది, ఆరింటికి 2 లీటర్ల మీద శాచురేషన్ 94 ఉంది. ఇప్పుడు 91, శ్వాస 26, పల్స్ 114, జ్వరం 38.3, బీపీ 112/70. అస్థిమితంగా ఉన్నారు. ఆక్సిజన్ సరిపోవడం లేదనిపిస్తోంది, ఇన్ఫెక్షన్ ముదురుతోందేమోనని అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోగా రక్త పరీక్షలకి, ఎక్స్‌రేకి ఏర్పాటు చేయమంటారా?"

చాలామంది నర్సులు తడబడేది చివరి రెండు ముక్కల దగ్గరే. అంకెలు చెప్పి ఆగిపోతారు, "మీరే చెప్పండి సార్" అంటారు. నిద్రలో ఉన్న డాక్టరుకి అంకెలు మాత్రమే వినిపిస్తే "సరే, చూస్తూ ఉండండి" అనే అవకాశం ఎక్కువ. రోగి పక్కన నిలబడి ఉన్నది మీరు. మీకేమనిపిస్తోందో చెప్పడం హద్దు దాటడం కాదు.

ఫోన్‌లో ఆర్డరు ఇస్తే ముందు రాసుకోండి, రాసింది చదివి వినిపించండి, అవునని వాళ్లతో అనిపించుకోండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. "ఒకటి ఐదు, పదిహేను మిల్లీగ్రాములు, అంతే కదండీ?" అని విడదీసి అడగండి. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటి మందుల దగ్గర ఇది ఏ రోజూ తప్పకూడదు.

డాక్టరు పట్టించుకోకపోతే? అమెరికాలో 2006లో వచ్చిన టీమ్‌స్టెప్స్ శిక్షణలో మెట్లు మెట్లుగా మాట బిగించే పద్ధతి ఒకటి నేర్పుతారు. మన మాటల్లో: "నాకు ఆందోళనగా ఉంది సార్." విననప్పుడు: "ఇలా వదిలేయడం నాకు మనసొప్పడం లేదు." అప్పటికీ విననప్పుడు: "ఇది రోగి ప్రాణానికి సంబంధించిన విషయం, మీరు రాలేకపోతే సీనియర్ డాక్టరుకి ఫోన్ చేస్తాను." గొంతు పెంచనక్కర్లేదు. చెప్పినట్టు నిజంగానే ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పి, పై డాక్టరుకి ఫోన్ చేయండి. ఏ టైముకి ఎవరితో ఏం చెప్పారు, వాళ్లు ఏమన్నారు అన్నది ఫైల్లో రాయండి. "డాక్టరుకి తెలియజేశాను" అని ఒక్క లైను రాస్తే ఏం తెలియజేశారో రేపు ఎవరికీ తెలియదు.

ఆరో అడుగు: మిగతా టీమ్, ఇంటివాళ్లు

ఫిజియోథెరపిస్ట్ నడిపించడానికి వచ్చే ముందు నొప్పి మందు పడి అరగంట అయ్యేలా చూసుకుంటే ఇద్దరి పనీ సులువు. ఐదో బెడ్‌కి మింగే పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్ట్‌కి ఉదయమే చెప్పాలి, మధ్యాహ్నం గుర్తొస్తే పెద్దావిడ సాయంత్రందాకా పస్తే. ఫార్మసిస్ట్‌ని మందుల మోతాదు అనుమానాలకి వాడుకోవడం చాలామంది మరిచిపోతారు.

పదకొండింటికి నాలుగో బెడ్ దగ్గరికి, చెప్పిన మాట ప్రకారం, వెళ్లండి. మందులు వివరించాక "అర్థమైందా?" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. "ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎప్పుడు వేస్తారో, ఏం జరిగితే వెంటనే ఆస్పత్రికి వస్తారో నాకు ఒకసారి చెప్పండమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను" అనండి. తప్పు చెబితే మీరు ఇంకోలా చెప్పాలని అర్థం. ఈ మొదటి బోధన మీదే. విన్నదాన్ని వాళ్లు బయల్దేరే ముందు ఇంకోసారి గుర్తుచేయడం జూనియర్ సిస్టర్‌కి ఇవ్వవచ్చు.

ఏడో అడుగు: వరుసను మళ్లీ మళ్లీ రాసుకోండి

ఎనిమిదింటికి రాసుకున్న వరుస పదింటికి పాతబడుతుంది. రెండు గంటలకోసారి, కొత్త రోగి వచ్చినప్పుడు, ఎవరికైనా ఒక్కసారిగా బాగాలేనప్పుడు అదే ప్రశ్న మళ్లీ వేసుకోండి. మూడో బెడ్ ఆయన ఐసీయూకి వెళ్లారు. ఒకటో బెడ్ ఆయన కట్టు కోసి వదులు చేశారు. ఇప్పుడు మీకు 15 నిమిషాలు దొరుకుతాయి, ఆరో బెడ్‌కి రక్తం తెప్పించండి. ఇద్దరు కలిసి పేరు, నంబరు, గ్రూపు బెడ్ దగ్గరే సరిచూడండి. ఎక్కించడం మొదలయ్యాక చలి, నడుం నొప్పి, ఆయాసం, దద్దుర్లు ఏవి వచ్చినా వెంటనే ఆపాలి, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి నరం కాపాడుకోవాలి, డాక్టరుకి, బ్లడ్ బ్యాంకుకి చెప్పాలి.

చేయలేనంత పని పడితే దాచుకోకండి. "నా దగ్గర ఇద్దరికి ఒకేసారి బాగాలేదు, ఒకరిని పంపండి" అని ఇన్‌చార్జ్‌కి చెప్పడం అసమర్థత కాదు. ఏమీ చెప్పకుండా అన్నీ సగం సగం చేస్తేనే రోగులు దెబ్బతింటారు. మందులు తీసేటప్పుడు మాత్రం ఎవరు పిలిచినా "ఈ మందు అయ్యాక" అనండి.

షిఫ్ట్ చివర మీరు ఇచ్చే హ్యాండోవర్‌కి ఐ-పాస్ వరుస బాగుంటుంది: ఎంత తీవ్రంగా ఉన్నారు, కథ ఏమిటి, మిగిలిన పనులు, ఏం జరిగితే ఏం చేయాలి, చివరికి విన్నవాళ్లు తిరిగి చెప్పడం. దీన్ని తొమ్మిది ఆస్పత్రుల్లో రెసిడెంట్ డాక్టర్ల మధ్య అమలు చేసి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయి. నర్సులకి నాలుగో ముక్క అన్నిటికంటే పనికొస్తుంది. "ఒకటో బెడ్ కట్టు పదింటికి వదులు చేశారు, ఇప్పుడు నొప్పి తగ్గింది, వేళ్లు వెచ్చగా ఉన్నాయి. గంటకోసారి చూడాలి. నొప్పి మళ్లీ పెరిగినా, వేళ్లు వంచితే అరిచినా నొప్పి మందు ఇచ్చి ఊరుకోవద్దు, ఆర్థో డాక్టరుకి ఫోన్ చేయండి, నంబరు ఫైలు మొదటి పేజీలో ఉంది. రెండింటికి నేను చూశాను, మూడింటికి మీరు చూడాలి. ఒకసారి నాకు తిరిగి చెప్తారా?"

వచ్చిన సిస్టర్ తిరిగి చెబుతుంది. అప్పుడు ఇద్దరూ కలిసి దుప్పటి పక్కకి జరిపి ఆ పాదం చూడండి.